ఫెరిటిన్ చెప్పు హెచ్చరిక
(మూసాపేటలో జరిగిన మన సంఘ వార్షిక మహాసభయందు శిశుసంరక్షణమును గూర్చి చేయబడిన యుపన్యాసము)



మన మహాసభలయందు విద్యార్థి వసతిగృహములను గూర్చియు, ఉపకార వేతనములను గూర్చియు, వివాహవ్యయములను తగ్గించుటను గూర్చియు ప్రసంగించుట వాడుక. ఆ విషయము లన్నియు ముఖ్యములే. అయినను ఆ వసతిగృహములలో జదువవలసిన బిడ్డ బ్రదికియున్ననే గదా ఆ ప్రసంగములకు సార్థకత! కావున మాకొసగబడిన యీ కొలది కాలమును, తీవ్రరోగముచే బాధపడు పిల్లల రక్తపరీక్షలో గానవచ్చు నొక సంఖ్యను గూర్చి వినియోగింప దలచితిమి. ఆ పరీక్ష పేరు ఫెరిటిన్.

ఈ పేరు మీకు బొత్తిగా క్రొత్తది కాదు. 2020, 2021 సంవత్సరముల కరోనా కాలమున ఆసుపత్రి చీటీలపై సి.ఆర్.పి., డి-డైమర్ అను మాటల ప్రక్కనే యిదియు నుండెడిది. మాట విన్నవారు పెక్కురు. దాని యర్థము నెఱిగినవారు కొందఱే. అర్థము తెలియని మాట భయమునైన గలిగించును, అశ్రద్ధనైన గలిగించును. రోగియైన బిడ్డకు ఈ రెండును కీడే. ఆ రెంటినడుమ నుండు తెలివిని మన కుటుంబములకు గలిగించుటయే మా యుద్దేశము.

ఫెరిటిన్ అన నేమి?

మన శరీరమునకు ఇనుము కావలెను. రక్తమునకు ఎఱుపును, ప్రాణవాయువును మోయు శక్తియు ఇనుమువలననే కలుగుచున్నవి. కాని విడిగా తిరుగు ఇనుము కణములకు హాని చేయును. కావున శరీరము దానిని ఒక మాంసకృత్తు గుల్లలో బెట్టి దాచును. ఆ గుల్లయే ఫెరిటిన్. ఇరువదినాలుగు భాగములు కూడి యేర్పడిన యీ గుల్లలో దాదాపు 4,500 ఇనుప పరమాణువులు పట్టును. రైతు గాదెలో ధాన్యము నిలువయుంచి యవసరమైనప్పుడు తీసికొనునట్లు శరీరము దీనినుండి ఇనుమును దీసికొనును. 1937వ సంవత్సరమున చెక్ శాస్త్రజ్ఞుడగు విలేమ్ లౌఫ్‌బెర్గర్ గుఱ్ఱపు ప్లీహమునుండి దీనిని వేఱుచేసి లోకమునకు దెలిపెను. రక్తరసమున నిది యెంత యున్నదో సూక్ష్మముగా గొలుచు పద్ధతి 1972లో గాని రాలేదు.

ఈ కొలతను మిల్లీలీటరు రక్తరసమునకు ఇన్ని నానోగ్రాములని చెప్పుదురు. నానోగ్రామనగా గ్రాములో నూఱుకోట్లవ వంతు. పసికందు దశ దాటిన యారోగ్యవంతుడగు బిడ్డకు ఇది సాధారణముగా 7 మొదలు 140 వఱకు నుండును. పరీక్షాశాలనుబట్టి యీ హద్దులు కొంత మాఱును. గాదె ఖాళీయైనచో నీ సంఖ్య పడిపోవును. అయిదేండ్లలోపు బిడ్డకు 12 కంటె తక్కువయైన శరీరమున ఇనుప నిలువలు లేవని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో ప్రకటించిన సూత్రము. ఇది మన యిండ్లలో సర్వసాధారణమైన రక్తహీనతకు సంబంధించిన మాట. నేటి మా ప్రసంగము దీనికి మాఱు దిక్కుననున్న దానిని గూర్చినది. 140 లోపల నుండవలసినది 500, 3,000, ఒక్కొకప్పుడు 10,000 దాటి పోయినచో దాని భావ మేమి?

గాదె నిండుట కాదు, ఊరికి నిప్పంటుకొనుట

ఇచ్చట పెక్కండ్రు పొరబడు చోటు కలదు. "ఫెరిటిన్ ఎక్కువైనదట, బిడ్డకు ఇనుము ఎక్కువైనది కాబోలు, ఆకుకూరలు మానుదము, బెల్లము మానుదము" అని కొందఱు తల్లులు తలంతురు. తీవ్రజ్వరములో నున్న బిడ్డ విషయమున నిది సరికాదు. రోగక్రిములు వృద్ధి చెందుటకు వానికిని ఇనుము కావలెను. శత్రువు వచ్చునపుడు గ్రామస్థులు ధాన్యమును దాచునట్లు, జ్వరము వచ్చినంతనే శరీరము ఇనుమును క్రిములకు జిక్కనీయక లోపల దాచును. అందుకై ఫెరిటిన్ అధికముగా దయారగును. ఇంతేకాక, రోగనిరోధక వ్యవస్థకు జెందిన భక్షక కణములు మిక్కిలి రెచ్చినప్పుడును, కాలేయకణములు చెడినప్పుడును ఫెరిటిన్ రక్తములోనికి బొంగి వచ్చును. కావున అట్టి బిడ్డలో ఫెరిటిన్ పెఱుగుట తిన్న తిండిని తెలుపదు. లోపల జరుగు సంగ్రామ తీవ్రతను తెలుపును. బిడ్డ రక్తహీనుడై యుండియు నీ సంఖ్య వేలలో నుండవచ్చును.

థలసేమియా గల పిల్లల సంగతి వేఱు. వారికి నెలనెలా రక్త మెక్కించుటచే నిజముగనే ఇనుము శరీరమున బేరుకొనును. వారికి ఫెరిటిన్ ఆ పేరుకొనుటకు గుర్తు, దానిని దిగలాగు మందులు వేఱుగా గలవు. హైదరాబాదులో 1998లో నేర్పడిన థలసేమియా, సికిల్ సెల్ సంఘము ఇట్టి పిల్లలకు సేవ చేయుచున్నది. ఒక్క సంఖ్యయే యిద్దఱు బిడ్డలలో రెండు వేర్వేఱు మాటలు చెప్పునని గ్రహింపుడు. చీటీ చదివి ఇంటియందే తీర్పు చెప్పరాదనుటకు నిదియే నిదర్శనము.

సంఖ్య యెంత పెద్దదైన నంత గట్టి హెచ్చరిక యని వైద్యుల యనుభవము. అమెరికాలో శిశు అత్యవసర చికిత్సాశాలలో జేసిన పరిశీలన మొకటి 2011లో బ్రకటింపబడినది. ఫెరిటిన్ 3,000 మించిన పిల్లలకు మరణభయము మిక్కిలి హెచ్చని యందు దేలినది. అయినను ఇది మరణశాసనము కాదు. పొగ చూచి యిల్లు కాలిపోయినదని యేడ్చువాడును, పొగయే గదా యని పండుకొనువాడును సమానముగా దప్పు చేసినవారే. పొగ చూచి నీటికై పరుగెత్తువాడు బుద్ధిమంతుడు.

కంచెయే చేను మేయు వ్యాధి

ఈ హెచ్చరిక వెనుక దాగియుండు వ్యాధులలో మిక్కిలి క్రూరమైనది యొకటి కలదు. దానిపేరు హీమోఫాగోసైటిక్ లింఫోహిస్టియోసైటోసిస్. పేరు పొడవగుటచే వైద్యులు హెచ్.ఎల్.హెచ్. అని సంగ్రహముగా వ్యవహరింతురు. మన పెద్దల సామెత దీని స్వరూపమును జక్కగా జెప్పుచున్నది: కంచెయే చేను మేసిన కాపాడువా రెవరు? శరీరమును గాపాడవలసిన కణములు అదుపు దప్పి, మూలుగలోను ప్లీహములోను మన రక్తకణములనే మ్రింగివేయుటయే యీ వ్యాధి. క్రిమి చచ్చినను కావలివాని యాగ్రహము చల్లారదు. జ్వరము విడువదు, ప్లీహము పెఱుగును, ప్లేట్‌లెట్లును, తక్కిన రక్తకణములును తఱిగిపోవును, కాలేయము చెడును, ఒక్కొకప్పుడు మెదడును సోకి మూర్ఛలు వచ్చును.

1952లో ఎడింబరో నగరమున ఫార్‌కర్, క్లేరో అను వైద్యులు ఒకే తల్లి కన్న బిడ్డలలో దీనిని గుర్తించి మొదట వర్ణించిరి. తరువాత చాలకాలము వఱకు వంశపారంపర్యముగా నీ వ్యాధి వచ్చిన శిశువులు దాదాపు అందఱును ఏడాది తిరుగకుండగనే మరణించుచుండిరి. 1994లో డెక్సామెథసోన్, ఎటొపొసైడ్ అను మందులను, అవసరమైనచో మూలుగ మార్పిడిని చేర్చి యొక చికిత్సాక్రమము నేర్పఱచిరి. ఆ క్రమమున చికిత్స పొందిన పిల్లలలో నూటికి ఏబదినలుగురు అయిదేండ్ల తరువాతను జీవించియుండిరని 2011లో లెక్క తేలినది. ఆ లెక్కలో నూటికి నలుబదియాఱుగురు పోయిరి. అయినను ఒకనాడు ఆశయే లేనిచోట సగముమందికి పైగా బ్రదుకుట సామాన్య విషయము కాదు. ఆ బ్రదికినవారిలో మన బిడ్డ యుండుటకు ముఖ్యసాధనము కాలమును వృథా చేయకుండుట.

ఈ వ్యాధిని నిర్ణయించుటకు 2004లో జేసిన నియమములలో ఎనిమిది లక్షణములు చెప్పబడినవి. వానిలో నైదు కనబడినచో వ్యాధి యున్నట్లు. 500 మించిన ఫెరిటిన్ ఆ యెనిమిదిలో నొక్కటి మాత్రమే. హూస్టన్ నగర శిశువైద్యశాలవారు 2008లో మఱియొక సంగతి తెలిపిరి: ఫెరిటిన్ 10,000 మించుట యీ వ్యాధిగల పిల్లలలో నూటికి తొంబదిమందికి గానవచ్చెను, ఇతర వ్యాధులుగల పిల్లలలో నూటికి తొంబదియాఱుగురికి గానరాలేదు. కావున 10,000 దాటిన సంఖ్యను జూచి యే శిశువైద్యుడును నిర్లక్ష్యము చేయడు. కాని యొక్క సంఖ్యనే నమ్మి యే శిశువైద్యుడును మందు మొదలిడడు. రక్తకణముల లెక్క, కాలేయ పరీక్షలు, రక్తములోని క్రొవ్వు, గడ్డకట్టు గుణము, అవసరమైన మూలుగ పరీక్ష — ఇవన్నియు గలిపి చూచును. ఒకనాటి సంఖ్య కంటె అది పెఱుగుచున్నదా, తఱుగుచున్నదా యనునది ముఖ్యము. చికిత్సతో నది దిగివచ్చుట శుభసూచకము.

మన ప్రాంతమున దీని కారణములు

ఈ మంట తనంతట రాజుకొనుట కొలదిమందిలోనే. పెక్కు పిల్లలలో నేదో యొక జ్వరము నిప్పురవ్వ యగును. డెంగ్యూ, స్క్రబ్ టైఫస్, టైఫాయిడ్, మలేరియా, క్షయ మొదలగునవన్నియు నిట్టి రవ్వలే. కీళ్లవాతము గల పిల్లలలోను, రక్తక్యాన్సరు గల పిల్లలలోను నిది కలుగవచ్చును. 2020 ఏప్రిలు మాసమున ఇంగ్లండులో మొదట గుర్తింపబడి, పిదప మన హైదరాబాదు పిల్లలకును వచ్చిన వ్యాధి యొకటి కలదు. కరోనా సోకిన రెండు మొదలాఱు వారములకు బిడ్డకు తీవ్రజ్వరము, కన్నుల యెఱుపు, కడుపునొప్పి, గుండె బలహీనత కలిగెడివి. అందును ఫెరిటిన్ పెఱిగెడిది.

జ్వరములను వెదకి పట్టుటలో మన ప్రాంతమునకు గొప్ప చరిత్రయే కలదు. మూసాపేటకు అనతిదూరమున నున్న బేగంపేటలో 1897 ఆగస్టు 20వ తేదీన రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని గనుగొనెను. ఆయన పేరనే నల్లకుంటలోని జ్వరముల ఆసుపత్రి నడుచుచున్నది. అయినను దోమ మనలను విడువలేదు. మన మూసాపేట నేడు వెనుకటి గ్రామము కాదు. ఒకప్రక్క సనత్‌నగర్ కర్మాగారములు, ఒకప్రక్క హైటెక్ సిటీ కార్యాలయములకు బోవు యువకుల నివాసములు, నడుమ మెట్రో రైలు, ఎటుచూచినను కట్టుచున్న మేడలు. డెంగ్యూ దోమ మురుగును గోరదు, తేటనీటిని గోరును. కూలరు తొట్టెలు, మూతలేని డ్రమ్ములు, కట్టడముల నేలమాళిగలలో నిలిచిన నీరు — ఇవియే దాని పుట్టిళ్లు. వారమున కొక్కసారి వానిని వంచి తుడుచుట మనచేతిలోని పని.

స్క్రబ్ టైఫస్ దోమవలన రాదు. పొదలలో నుండు నల్లివంటి సూక్ష్మకీటకము కుట్టుటచే వచ్చును. సెలవులకు పల్లెకు వెళ్లివచ్చిన బిడ్డకు జ్వరము వచ్చినచో చంకలు, గజ్జలు, చెవి వెనుక, నడుము మొదలగు చోట్ల నల్లని పెచ్చుగట్టిన పుండు గలదేమో చూడవలెను. కనబడినచో వైద్యునకు జూపవలెను. సకాలమున గుర్తించిన దీనికి డాక్సీసైక్లిన్ దివ్యముగా బనిచేయును. పెక్కండ్రలో ఆ మందుతోనే రెచ్చిన రక్తకణములును శాంతించును. ఈ మందు టెట్రాసైక్లిన్ కుటుంబమునకు జెందినది. ఆ కుటుంబమున మొదటిదియైన ఆరియోమైసిన్ 1948లో లోకమునకు వెల్లడింపబడినప్పుడు, దానిని గనుగొన్న లెడర్లీ పరిశోధనశాలకు అధిపతిగా నుండినది మన భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. తెలుగుబిడ్డ పర్యవేక్షణమున వెలువడిన మందు జాతి నేడు తెలుగుబిడ్డలను గాచుచుండుట మన మెఱుగదగినది.

తల్లిదండ్రులు చేయదగిన పని

తల్లులారా! తండ్రులారా! జ్వరము వచ్చిన ప్రతి బిడ్డకును ఫెరిటిన్ పరీక్ష చేయింపుడని మేము చెప్పుట లేదు. జలుబు దగ్గులకు నిది యక్కఱలేదు. చేయించినచో లేనిపోని దిగులు మాత్రము మిగులును. ఆ పరీక్ష యెప్పుడు కావలెనో నిర్ణయించుట వైద్యుని పని. వైద్యుని యొద్దకు సకాలమున జేర్చుట మన పని. ఏ లక్షణములు చూచి త్వరపడవలెనో వినుడు.

జ్వరము వారము దాటియు విడువకున్నను, బిడ్డ మందకొడిగా బడియున్నను, లేక పట్టరాని చిరాకుతో నేడ్చుచున్నను, కడుపున విడువని నొప్పి, మాటిమాటికి వాంతి, పొట్ట యుబ్బుట యున్నను, చిగుళ్లనుండి గాని ముక్కునుండి గాని రక్తము వచ్చినను, ఒంటిపై ఎఱ్ఱని చుక్కలు పుట్టినను, కన్నులు పచ్చబడినను, మూత్రము తగ్గినను, చేతులు కాళ్లు చల్లబడినను, ఊపిరి వేగమైనను, మూర్ఛ వచ్చినను — ఇక తెల్లవారనిమ్మని గాని, మంచిదినము చూతమని గాని యాగరాదు. డెంగ్యూలో మఱియొక మోసము కలదు. మూడవ దినము మొదలేడవ దినము లోపల జ్వరము దిగునప్పుడే యసలు గండము వచ్చును. "జ్వరము తగ్గినది గదా" యని సంతోషించు గంటలలోనే బిడ్డ రక్తపుటొత్తిడి పడిపోవచ్చును. ఆ రెండుదినములు కన్నులలో వత్తులు వేసికొని చూడవలెను.

వీధి చివర వైద్యముచేయు వారియొద్ద "ఒక్క సూది వేయుడు, జ్వరము దిగవలెను" అని బలవంతపెట్టుట మన యలవాటు. ఆ సూదిలో తఱచుగా స్టెరాయిడ్ ఉండును. ఇంతకుముందు మేము చెప్పిన క్రూరవ్యాధికి డెక్సామెథసోన్ ఔషధమే. కాని రోగనిర్ణయము కాకముందు అదే మందు వేసినచో రక్తక్యాన్సరు వంటి వ్యాధి కొన్నాళ్లు ముసుగులో దాగి, నిజము తెలియునప్పటికి ఆలస్యమగును. అట్లే డెంగ్యూ యనుమానమున్న బిడ్డకు ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ ఇయ్యరాదు, రక్తస్రావభయము గలదు. పారాసెటమాల్ బరువునుబట్టి యిచ్చి, ద్రవములు త్రాగించుచు వైద్యుని జూడవలెను.

మూసాపేటనుండి నీలోఫర్ ఆసుపత్రి దూరము కాదు. 1953లో స్థాపింపబడి, నీలోఫర్ రాకుమారి పేర వెలసిన యా శిశువైద్యశాల లక్డీకాపూల్ చెంత రెడ్‌హిల్స్‌లో నున్నది. నడచి తిరుగగల బిడ్డను మెట్రోలో గొనిపోవచ్చును. స్పృహ తప్పుచున్న బిడ్డను మాత్రము బండిమీద నడుమ గూర్చుండబెట్టుకొని పోరాదు. 2005లో మన రాష్ట్రమున మొదలైన 108 వాహనమును బిలువవలెను. అందు ప్రాణవాయువును, శిక్షణ పొందిన మనిషియు నుందురు. ఏ యాసుపత్రికి బోయినను శిశు తీవ్రచికిత్సా విభాగ మున్నదా యని మొదట నడుగుడు. పాత చీటీలు, ఇచ్చిన మందుల పేర్లు, జ్వరము మొదలైన తేదీ వ్రాసికొని పొండు. ఆ తేదీ యొక్కటి సరిగా చెప్పినచో వైద్యునకు సగము దారి తెలియును.

సంఘము వినవలసిన కఠినవాక్యము

ఇక చివఱగా నొక మాట. ఇది మన సంఘమునకే ప్రత్యేకముగా జెప్పదగినది గాన, మన్నించి వినుడు. హెచ్.ఎల్.హెచ్. వ్యాధిలో వంశపారంపర్యముగా వచ్చు రకమునకు కారణమగు జన్యుదోషములలో మొదటిది 1999లో గనుగొనబడినది. తల్లియు దండ్రియు చెఱియొక లోపభూయిష్టమైన జన్యువును మోయుచున్నచో వారికి రోగ మేమియు నుండదు. కాని వారి ప్రతి కానుపులోను నలుగురిలో నొక్కరికి వ్యాధి వచ్చు నవకాశము గలదు. దగ్గఱిచుట్టములు పెండ్లాడినప్పుడు ఇరువురును ఒకే దోషమును మోయుట కవకాశము హెచ్చు. మేనమామకును మేనకోడలికిని జన్యువులలో నాలుగవ వంతు, మేనత్త మేనమామ బిడ్డలకు ఎనిమిదవ వంతు ఉమ్మడిగా నుండును. మేనరికము మనకు ప్రీతిపాత్రమైన యాచారము. ఆస్తి చెదరదు, పిల్ల కండ్లయెదుట నుండును. ఆ ప్రీతికి చెల్లింపబడు మూల్యము కొన్ని యిండ్లలో పసిబిడ్డల ప్రాణమై యున్నది.

మేనరికము చేయనివారును నిశ్చింతగా నుండరాదు. హైదరాబాదునందలి కణ, అణు జీవశాస్త్ర కేంద్రము వారు ఇతర దేశ శాస్త్రజ్ఞులతో గూడి 2017లో బ్రకటించిన పరిశోధనమున దక్షిణాసియా ఖండమందలి 260కి పైగా సముదాయములను బరీక్షించిరి. వానిలో 81 సముదాయములు కొలదిమంది పూర్వులనుండి వచ్చి, శతాబ్దముల తరబడి తమలో దామే పెండ్లాడుటచే, ఫిన్లండు వాసులకంటెను, అష్కెనాజీ యూదులకంటెను ఎక్కువగా నొకే మూలమునకు జేరువైనవని తేలినది. ఆ యిరువురును తమ వంశవ్యాధులను గుర్తించిరి; అష్కెనాజీ యూదులలో పెండ్లికి ముందే పరీక్షలు చేయించుకొను దారియు నేర్పడినది. మనమును నేర్వవలసినది యిదియే. కులాభిమానముచే నేర్పడిన సంఘము కులములోని బిడ్డల ప్రాణములను గాచుటకు ఆ జ్ఞానమును వాడుకొనుట కంటె గౌరవ మేమి కలదు?

కావున ఏ యింటనైన కారణము తెలియని జ్వరముతో, ప్లీహము పెఱిగి, పసిబిడ్డ పోయియున్నచో, ఆ తల్లిని "గొడ్డుమోతు అదృష్టము" అని నిందింపక, ఆ దంపతులను పంజాగుట్టయందలి నిజాం వైద్యవిజ్ఞాన సంస్థ జన్యువైద్య విభాగమునకు బంపుడు. తరువాతి కానుపునకు ముందే తెలిసికొనుట కుపాయములు గలవు. దోషము మోయుట యెవరి తప్పును కాదు; తెలిసియు దాచుట మాత్రము తప్పు.

ఈ మహాసభ మూడు పనులకు బూనుకొనవలెనని మా ప్రార్థన. మొదటిది, వార్డు వార్డునను రక్తదాతల పేర్ల పట్టిక. తీవ్రరోగపు బిడ్డలకు ప్లేట్‌లెట్లు అర్ధరాత్రి కావలసివచ్చును. రెండవది, అత్యవసర నిధి. 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో తెలంగాణమున పది లక్షలకు బెంచబడినను, చేరిన మొదటి రాత్రి పరీక్షలకును, ప్రయాణమునకును చేతిలో రొక్కము లేక వెనుదీయు కుటుంబములు గలవు. పోషకులు వివాహవేదికల యలంకారమున కిచ్చు దానిలో కొంత యిచ్చినను ఈ నిధి నిండును. మూడవది, సంబంధములు కలుపు మన వధూవరుల పరిచయ వేదికయందే జన్యుసలహా చెప్పు వైద్యునకు నొక కుర్చీ వేయుట. జాతకములు చూచుకొను చోటనే దీనినిగూడ చూచుకొందుము గాక.

దీపముండగనే యిల్లు చక్కబెట్టుకొనవలెనని పెద్దలమాట. ఫెరిటిన్ అను సంఖ్య వెలుగుచున్న దీపమువంటిది. అది రోగము కాదు, విధి కాదు. ఇంకను సమయమున్నదని చెప్పు వెలుగు. ఆ వెలుగులో చేయవలసిన పని వైద్యునకు గొంత, తల్లిదండ్రులకు గొంత, ఈ సభలో గూర్చున్న మన కందఱకును గొంత కలదు. మన బిడ్డలు దీర్ఘాయుష్మంతులై, వచ్చు సంవత్సరముల మహాసభలలో తామే యీ వేదికనెక్కి మాటలాడుదురు గాక!